సమస్యాపూరణం: “రాణి నిచ్చిన వానికే రాజ్య మబ్బె”

విశాఖపట్నంలో జరిగే బాలల చదరంగ పోటీ విషయంగా ఈ తేటగీతి (నాలుగు పాదాల తెలుగు పద్యం) చివరి పాదానికి పై మూడు పాదాలు పూరించవలసిందిగా సభ్యులను కోరాము. రాణిని వదులుకున్నవాడు గెలవడం అసంభవమనిపించవచ్చు గాని, 1858లో పారిస్ ఒపేరా థియేటర్‌లో అమెరికా చదరంగ క్రీడాకారుడు పాల్ మార్ఫీ రాణిని బలియిచ్చి, మరుసటి ఎత్తులోనే ఏనుగుతో ఆట కట్టించాడు.

సీతమ్మధార సభ్యురాలి పూరణ:

మూల రాజునుఁ దనవారె ముసిరి యుండ
గుఱ్ఱ మొక్కటి దూకెను గోడ దాటి;
కదల గడి లేక శత్రువు కట్టువడగ
రాణి నిచ్చిన వానికే రాజ్య మబ్బె.

పరిశీలన: ఆట కళ్లకు కట్టింది. మూలనున్న రాజు పక్క గడిలో రాణిని నిలిపి చెక్ చెబితే, దానికి గుర్రం కాపు ఉన్నందున రాజు కొట్టలేడు, ఏనుగే కొట్టాలి. ఆ ఏనుగు వచ్చి కూర్చోవడంతో మిగిలిన ఒక్క దారీ మూసుకుపోయి, గుర్రం దూకగానే ఆట కట్టు. ఇంత క్రమాన్ని “తనవారె ముసిరి యుండ” అన్న రెండు మూడు మాటల్లో ఇమిడ్చిన నేర్పు నాకెంతో నచ్చింది. అయితే కట్టువడేది పలకమీది రాజు; ఎదుట కూర్చున్న పసివాడిని శత్రువనడం కటువుగా ఉంది. “కదల గడి లేక యా రాజు కట్టువడగ” అంటే యతి (పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరవలసిన అక్షర మైత్రి) చెడదు, భావమూ నిలుస్తుంది.

గాజువాక సభ్యుని పూరణ:

ఎదుటి బాలిక యాశతో నెత్తు మరచి
చేతి కందిన పావునుఁ జేర్చుకొనగ
రాజుఁ జంపెను గుఱ్ఱము రయము తోడ;
రాణి నిచ్చిన వానికే రాజ్య మబ్బె.

పరిశీలన: యతులు సరిపోయాయి, కాని చదరంగంలో రాజును చంపడం లేదు. చెక్ నుంచి తప్పించుకునే దారే లేనప్పుడు రాజు పలకమీద ఉండగానే ఆట ముగుస్తుంది. ఛందస్సు ఎంత నిర్దోషమైనా ఆట నియమం తప్పితే పూరణ నిలవదు. “రాజుఁ గట్టెను” అని మార్చండి.

గాజువాక సభ్యుడు: సవరణను స్వీకరించాను. పాతకాలపు ఫ్రెంచి ఆటగాడు లెగాల్ పేరుతో ప్రసిద్ధమైన ఆటకట్టును తలచుకొని రాశాను. అందులోనూ రాణిని ఆశించి కొట్టినవారిపై చివరి దెబ్బ గుర్రానిదే.

మద్దిలపాలెం సభ్యుని పూరణ:

ముట్టుకొన్నట్టి పావునే కదుపవలసి
నియమ మెఱిగిన బాలుఁడు నెమ్మదించి
యోర్పుతో దారి వెదకుచు నొడ్డుఁ జేరె;
రాణి నిచ్చిన వానికే రాజ్య మబ్బె.

పరిశీలన: మొదటి పాదంలో యతి తప్పింది. “ముట్టుకొన్నట్టి పావునే ముందు నడిపి” అంటే సరిపోతుంది. సర్దుతున్నానని ముందే చెప్పకుండా, ఆడే ఉద్దేశంతో తన పావును తాకినవారు, వీలున్నంతవరకు దానినే కదపాలి. పొరపాటున రాణిని తాకి పోగొట్టుకున్న పిల్లవాడు ఏడవకుండా ఆట కొనసాగించడాన్ని పట్టుకున్న ఈ ఊహ మూడింటిలోనూ కొత్తది.