ఫ్యూజన్ రియాక్టర్ స్టీల్‌ని ముందే యాడ టెస్ట్ చేస్తారు?

అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతాండా. ఫ్యూజన్‌లో (తేలిక కేంద్రకాలు కలిసిపోయే చర్య) 14.1 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, శక్తి కొలత) న్యూట్రాన్లు వస్తాయి గదా, రియాక్టరే లేనప్పుడు దాని గోడ స్టీలు ఏళ్ల తరబడి తట్టుకుంటాదో లేదో ఎట్లా చూస్తారన్నా? మామూలు అణు రియాక్టర్లో పెడితే చాలదా?

జవాబు 1: చాలదు తమ్ముడూ. మామూలు రియాక్టర్లో కేంద్రకాలు చీలితే (విచ్ఛిత్తి) వచ్చే న్యూట్రాన్ల సగటు శక్తి 2 ఎంఈవీ దగ్గరే. పరమాణువులు చోటు తప్పడం ఆడా జరుగుతాది గానీ 14 ఎంఈవీ న్యూట్రాన్ తగిల్తే ఇనుము లోపల్నే హీలియం చానా ఎక్కువ పుడతాది, అది బుడగలు కట్టి గ్రెయిన్ల (లోహంలోని చిన్న స్ఫటికాల) సరిహద్దుల్లో చేరి స్టీలు ఉబ్బుతాది, పెళుసైపోతాది, అసలు భయం ఇదే.

జవాబు 2: అందుకే అయాన్ బీమ్‌తో (వేగంగా పోయే ఆవేశమున్న పరమాణువుల ధారతో) కొడతారు, మన కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలో 1.7 ఎంవీ (మిలియన్ వోల్టుల) టాండెట్రాన్ అనే యాక్సిలరేటర్ ఉంది. ఏళ్ల డ్యామేజీ గంటల్లో, రోజుల్లో వస్తాది. కాకపోతే దెబ్బ పైన మైక్రాన్ల లోతుకే, కాబట్టి మామూలుగా లాగి తెంచే టెస్టు కుదరదు, నానో ఇండెంటేషన్ (సన్నటి మొనతో పైపైన గుచ్చి గట్టితనం చూడడం) చేయాల్సిందే.

అడిగినాయన: మరి నిజమైన పరీక్ష?

జవాబు 1: స్పెయిన్‌లో గ్రనాడా దగ్గర ఇఫ్‌మిఫ్-డోన్స్ అనే న్యూట్రాన్ పరీక్షా కేంద్రం కడుతున్నారు. 40 ఎంఈవీ డ్యూటరాన్లని (భార హైడ్రోజన్ కేంద్రకాల్ని) పారే ద్రవ లిథియం మీద కొట్టి ఫ్యూజన్ లాంటి న్యూట్రాన్లు పుట్టిస్తారు. నన్నడిగితే రియాక్టర్ కన్నా ముందు అది కావాల. నువ్వు ప్రాజెక్టుకి కల్పాక్కం ట్రై చెయ్యి.