కరుస్తున్న కార్న్ స్నేక్ పిల్లను రోజూ పట్టుకోవాలా, కొన్నాళ్లు వదిలేయాలా?

డాలస్ నాన్న: మా అబ్బాయి కోసం ఈ మధ్యనే ఒక కార్న్ స్నేక్ పిల్లను తెచ్చాము. పెన్సిలంత మందం కూడా లేని ఆ పిల్ల, పెట్టెలో చెయ్యి పెడితే చాలు, తోక వణికిస్తూ మీదికి వచ్చి కరుస్తోంది. విషం లేని పామే అయినా అబ్బాయి బెదిరిపోతున్నాడు. ఇప్పటికి ఒక్క ఎలుక కూననే తిన్నది. రోజూ పావుగంట చేతిలో ఉంచుకుంటే అదే మచ్చికవుతుందని అమ్మినవారు చెప్పారు. సంక్రాంతిలోగా మచ్చిక చేయాలి. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

కుబుసం: అమ్మినవారి మాట పక్కన పెట్టండి. అడవిలో ఈ ఈడు పిల్లలను పక్షులూ, కింగ్ స్నేక్ వంటి పెద్ద పాములూ తింటాయి కనుక, పైనుంచి దిగే ఏ చెయ్యినైనా అది శత్రువుగానే చూస్తుంది. పెట్టెలో ఒక వైపు 30 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా, రెండో వైపు 24 డిగ్రీల చుట్టుపక్కల ఉండేలా చూసి, రెండు వైపులా దాక్కునే చోటు పెట్టి, వారానికోసారి తిండి ఇస్తూ, వరుసగా కొన్నిసార్లు తిని అరిగించుకునే వరకు ముట్టుకోకండి. తిన్న 48 గంటల లోపు పట్టుకుంటే మింగినది కక్కవచ్చు. ఇంత చిన్న పిల్ల దాన్నుంచి కోలుకోవడం కష్టం. కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగుకు తిరిగిన రోజుల్లో కూడా వదిలేయాలి.

కొండచిలువ: ఇవన్నీ చదవడానికి బాగుంటాయి. కరిచినప్పుడల్లా మనం చెయ్యి వెనక్కి తీసుకుంటే, కరవగానే చెయ్యి తొలగిపోతుందని పాము నేర్చుకుంటుంది. ఒకాయన ఊరు మారుతూ నాకు అంటగట్టిన బాల్ పైథాన్‌ను (చిన్న రకం కొండచిలువను) చిన్నప్పుడు ఎవరూ ముట్టుకోలేదట. ఇప్పుడు దాన్ని పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలంటే మా ఇంట్లో యుద్ధమే. ఆయన సుఖంగా ఉన్నాడు, అనుభవిస్తున్నది నేను.

రాత్రి షిఫ్టు: చేతికి ఎలుక వాసన లేకుండా కడుక్కుంటున్నారా? పాముల మీద సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉంటుంది కనుక ముట్టుకున్న తర్వాత కూడా అబ్బాయి చేత సబ్బుతో కడిగించండి.

కుబుసం: చెయ్యి వెనక్కి తీసుకోమని నేను అనలేదు, అసలు పెట్టవద్దన్నాను. పైగా బాల్ పైథాన్ పెదవుల దగ్గర వేడిని పసిగట్టే గుంటలు ఉంటాయి, కార్న్ స్నేక్‌కు ఉండవు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

కొండచిలువ: గుంటల సంగతి ఎవరడిగారు? చెయ్యి తీసేస్తే పాము నేర్చుకుంటుందా, లేదా? దీనికి జవాబు చెప్పండి.

కృష్ణ ఒడ్డు: మా విజయవాడలో జెర్రిపోతు పిల్లను పెంచవచ్చా?

రాత్రి షిఫ్టు: కూడదండీ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

కుబుసం: నేర్చుకుంటుందనే అనుకుందాం. బెదిరి తిండి మానేస్తే ఆ పిల్లకు ఈ పాఠం దేనికి? మీకు కావలసింది పాము కాదు, మెడలో వేసుకుని ఫొటో దిగే వస్తువు. చేతిలో కదలకుండా ఉన్నదంటే అలవాటు పడిందనుకుంటున్నారు. భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు కదా.

కొండచిలువ: నన్నంత మాట అంటారా? సరే, ఉన్నది చెబుతాను. ఈ పాము పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. ముట్టుకోనివ్వని జీవిని ఏ పిల్లవాడూ అన్నేళ్లు చూసుకోడు; రెండేళ్లకే అది నా వంటివాడి గుమ్మం ముందుకు వస్తుంది. దాని సుఖం గురించి మీరు మాట్లాడుతున్నారు, దాన్ని సాకేవాడు విసిగిపోకుండా ఉండటం గురించి నేను మాట్లాడుతున్నాను.

కుబుసం: మన పేచీ ఇదైతే మొదటే చెప్పవలసింది. సాకేవాడి ఓపిక కోసం పిల్లను ఆకలితో పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇంతకీ నాన్నగారూ, సంక్రాంతి గడువు ఎందుకు?

డాలస్ నాన్న: తెనాలి నుంచి మా అమ్మ వస్తోంది. కరవదని కళ్లారా చూస్తే తప్ప ఆ పెట్టె ఉన్న ఇంట్లో పడుకోనని ఫోనులోనే తేల్చి చెప్పింది.

రాత్రి షిఫ్టు: నాగుల చవితి అలవాటు కొద్దీ పాలు పోయవద్దని మాత్రం ముందే చెప్పండి.

కుబుసం: పెద్దావిడ భయానికి మందు, పాము పెట్టెకు తాళం వేయడమే. అబ్బాయి చేత పటకారుతో తినిపించండి. సరిగ్గా తినడం మొదలుపెట్టాక, ఐదేసి నిమిషాలు, పక్కనుంచి చెయ్యి పోనిచ్చి ఎత్తుకోమనండి.

కొండచిలువ: ఊరికే పటకారు ఒక్కటే చూపిస్తే మూత తీసినప్పుడల్లా తిండే అనుకుంటుంది. ఎత్తుకునే రోజున ముందుగా చిన్న హుక్‌తో నడుము మీద మెల్లగా తాకి, ఇది తిండి కాదని తెలియజేయండి.

కుబుసం: హుక్ వరకు ఒప్పుకుంటాను. రోజూ పావుగంట అన్నదానికి మాత్రం ఒప్పుకోను.

కొండచిలువ: రోజూ అన్నది అమ్మినవారు, నేను కాదు. పైకి వెళ్లి చదవండి.