హెర్న్‌డన్‌కు కొత్తగా వచ్చాం, ఈ వసంతంలో పిల్లలతో ఎక్కడికి వెళ్లాలి?

హెర్న్‌డన్ నుంచి, ఫిబ్రవరి 2026

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్లిన వారానికి విజయవాడ నుంచి వర్జీనియా వచ్చాం. హెర్న్‌డన్ మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మావారు ఆఫీసుకు వెళితే ఇంట్లో నేను, నాలుగున్నరేళ్ల బాబు. పాపకు తొమ్మిదేళ్లు. అక్కడ నాలుగేళ్లు కూచిపూడి నేర్చుకుంది. ఇక్కడికి వచ్చాక గజ్జెలు పెట్టెలోంచి బయటికి తీయలేదు. బడిలో ఏమయిందని అడిగితే "ఏమీ లేదు" అంటుంది.

మార్చి మొదట్లో మా అత్తయ్యగారు ఆరు నెలలు ఉండేలా వస్తున్నారు. ఆవిడకు పుస్తకాలు, గుడి, పాట ఉంటే చాలు. నాకు ఇంకా డ్రైవింగ్ లైసెన్సు రాలేదు. ఉగాది ఇక్కడ ఎలా చేస్తారు? చలి తగ్గాక మన పిల్లలకు పనికొచ్చే కార్యక్రమాలు ఏమేమి ఉంటాయి? ఎవరూ తెలియనిచోట నేరుగా వెళ్లి కూర్చోవడానికి మొహమాటంగా ఉంది. పెద్దవాళ్లు చెప్పగలరా?

ఆష్‌బర్న్ నుంచి

మార్చి వచ్చాక చూద్దామని ఆగకండి. ఉగాది వేదిక మీద పిల్లల నృత్యాలు, పాటల జాబితా ఫిబ్రవరిలోనే దాదాపు నిండిపోతుంది. పాట రికార్డు, నిమిషాల లెక్క, బృందంలో ఎందరు అన్నవి ముందే పంపాలి. మా పెద్దమ్మాయి మొదటి ఏడాది నాలుగు రోజులు ఆలస్యమైంది. పట్టు లంగా కట్టుకుని సభలో కూర్చుని మిగతా పిల్లల ఆట చూసింది. ఆ మధ్యాహ్నం దాని ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ పండగ తిథినాడు ఇంట్లో, అందరూ కలిసే సంబరమేమో ఆ తర్వాత వచ్చే ఏదో ఒక శనివారమో ఆదివారమో. ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. పిల్లలకు బడి, పెద్దలకు ఆఫీసు. కాబట్టి సంఘాల ఉగాది ఆ వారాంతంలోనో, ఏప్రిల్‌లోనో జరుగుతుంది. ఒకే సంఘం కాదు, నాలుగైదు ఉంటాయి. అన్నిటికన్నా పాతది గ్రేటర్ వాషింగ్టన్ తెలుగు సాంస్కృతిక సంఘం, 1974 నుంచి ఉంది. ఎక్కువగా ఏదో ఒక హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంటారు. పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల ఆటపాటలు, భోజనాలు. చెప్పిన వేళకు హాలు ఖాళీ చేయాలి కాబట్టి ఉదయం భాగం సరిగ్గా వేళకే మొదలవుతుంది. పాపను పంచాంగం వేళకే తీసుకెళ్లండి.

ఇప్పుడు అసలు మాట. మా మొదటి ఉగాదికి మేము పదింటికి వెళ్లి, చివరి వరసలో కూర్చుని, భోంచేసి వచ్చేశాం. నాలుగు గంటల్లో ఒక్కరూ పలకరించలేదని దారిపొడవునా బాధపడ్డాను. తర్వాత తెలిసింది, అక్కడ కాస్త చొరవ ఉన్నవాళ్లంతా ఏదో ఒక పనిలో మునిగి ఉన్నారు. మరుసటి ఏడు ముందుగానే రాసి, వడ్డనకు వస్తానన్నాను. తెల్లవారగానే పులిహోర కలిపే చోట నిలబెట్టారు. సాయంత్రానికి ఆరుగురి ఫోను నంబర్లు, ఒక నృత్య గురువు చిరునామా, బాబు చెవిపోటుకు మంచి డాక్టరు పేరు, అన్నీ దొరికాయి. మీరూ చూడటానికి వెళ్లకండి, చేయి వేయడానికి వెళ్లండి. మొహమాటం పోయే దారి నాకు తెలిసి ఇదొక్కటే. మీది ఎచ్-4, అంటే ఇక్కడ ఉద్యోగానికి వచ్చినవారి కుటుంబానికి ఇచ్చే వీసా అయి, పని అనుమతి లేకపోయినా, లాభాపేక్ష లేని సంఘంలో మామూలుగా జీతమివ్వని పనికి సాయపడటంలో ఇబ్బంది లేదు.

పచ్చడి సంగతి. ఈ చలికి వేపచెట్టు బతకదు. ఇండియన్ స్టోరులో ఎండిన వేపపువ్వు గానీ, గడ్డకట్టించిన పొట్లం గానీ దొరుకుతుంది, పండగ ముందు వారానికి అయిపోతుంది. ఇప్పుడే కొని పెట్టుకోండి. మామిడికాయకు లోటు లేదు. అత్తయ్యగారిని పచ్చి మామిడి, కరివేపాకు పెట్టెలో పెట్టుకుని రావద్దని చెప్పండి. రెండూ విమానాశ్రయంలో తీసేస్తారు. తినే వస్తువు ఏదైనా సరే, కస్టమ్స్ వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి.

వాషింగ్టన్‌లో వసంతంలో పూసే చెర్రీ పూలు చూడటానికి మీకు కారు అక్కర్లేదు, అదే మీ అదృష్టం. హెర్న్‌డన్‌లో మెట్రో సిల్వర్ లైను ఎక్కితే రైలు మారకుండా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగవచ్చు, సుమారు గంట. అక్కడి నుంచి ఆ చెట్లున్న టైడల్ బేసిన్ అనే కొలను వరకు నడక. టోక్యో నగరం 1912లో 3,020 మొక్కలు కానుకగా పంపింది. అంతకు రెండేళ్ల ముందు పంపినవాటిలో పురుగు ఉందని కాల్చేశారు. అయినా వాళ్లు మళ్లీ పంపారు. ఈ కథ పాపకు చెప్పండి, ఆ చెట్లను చూసే కన్నే మారుతుంది. యోషినో రకం చెర్రీ చెట్ల పూలు నూటికి 70 విచ్చిన రోజును పూర్తి వికాసం అంటారు. మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం మధ్య వస్తుంది, ఏటా మారుతుంది. పార్కు సర్వీసు వాళ్లు ముందుగా చెబుతారు. వారాంతం మధ్యాహ్నం అడుగు పెట్టే చోటు ఉండదు. మామూలు రోజున ఉదయం ఏడింటికల్లా అక్కడ ఉండండి, స్వెట్టరు తప్పనిసరి. పూజకైనా ఒక్క పువ్వు కోయకూడదని అత్తయ్యగారికి ముందే చెప్పండి. అది చట్టప్రకారం తప్పు.

అదే రోజుల్లో వాషింగ్టన్ స్మారకం దగ్గర మైదానంలో గాలిపటాల పండగ జరుగుతుంది. 1967లో స్మిత్సోనియన్ వాళ్లు మొదలుపెట్టింది. సంక్రాంతి గాలిపటం అలవాటున్న పిల్లలు దాన్ని వదలరు. గాజుపొడి మాంజా మాత్రం వద్దు. చుట్టూ పసిపిల్లలు పరిగెడుతుంటారు.

లాన్‌హమ్, మేరీలాండ్ నుంచి

అమ్మా, మీ అత్తగారి గురించి నేను చెబుతాను. నాదీ ఆవిడ వయసే అయి ఉంటుంది.

ముందు తిథి గురించి ఒక మాట. ఇక్కడ ఉగాది భారతదేశపు క్యాలెండరు చూసి చేసుకోకూడదు. ఇక్కడి సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూడాలి. ఒక్కో ఏడు ఒక రోజు తేడా వస్తుంది. ఈసారి తేదీ ఒకటే గానీ లెక్క వేరు. దృక్ గణితం ప్రకారం 19 ఉదయం విజయవాడలో సూర్యుడు ఉదయించేసరికి ఇంకా అమావాస్యే. తర్వాత పాడ్యమి మొదలై, మర్నాటి సూర్యోదయంలోపే ముగుస్తుంది. మనకు మాత్రం 18 రాత్రే పాడ్యమి వచ్చేస్తుంది, 19 ఉదయానికి నిండుగా ఉంటుంది. పరాభవ నామ సంవత్సరపు తొలి సూర్యోదయాన్ని మనం పాడ్యమితోనే చూస్తాం. పాపను పక్కన కూర్చోబెట్టుకుని రెండు ఊళ్ల సూర్యోదయాలు, తిథి వేళలు కాగితం మీద రాసి చూపించమనండి. లెక్కలూ వస్తాయి, పంచాంగమూ అర్థమవుతుంది.

పుస్తకాలు ఇష్టమన్నారు కదా. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు తీసుకురండి. అదీ సిల్వర్ లైను మీదే, కాపిటల్ సౌత్ స్టేషన్. వాళ్లకు ఢిల్లీలో సొంత కార్యాలయం ఉంది. 1962 నుంచి మన భాషల పుస్తకాలు అక్కడి నుంచే వస్తున్నాయి, తెలుగు కూడా. 16 ఏళ్లు నిండినవారెవరైనా పాస్‌పోర్టు చూపి ఉచితంగా రీడర్ కార్డు తీసుకోవచ్చు. జెఫర్సన్ భవనంలోని ఆసియా పఠనాలయంలో కూర్చుని పుస్తకం తెప్పించుకుని చదవవచ్చు. ఇంటికి ఇవ్వరు. ఏ పుస్తకం కావాలో ముందే రాసి అడిగి వెళ్లండి, చాలా వాటిని వేరే చోటి నుంచి తేవాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా నాన్నగారి కాలం నాటి తెలుగు పుస్తకం ఒకటి నా చేతికి వచ్చింది. దాని కోసం మా ఊళ్లో ఎన్నో ఏళ్లు వెతికాను. ఆ రోజు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

స్మిత్సోనియన్ స్టేషన్ పక్కనే జాతీయ ఆసియా కళా మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. చోళుల కాలపు పార్వతి కంచు విగ్రహం అక్కడ ఉంది. రాణి శెంబియన్ మహాదేవి పోలికలతో పోసినదని కొందరు పండితులు అంటారు. కూచిపూడి నేర్చిన పిల్ల ఆ నిలుచున్న భంగిమ చూస్తే తనంతట తనే పోల్చుకుంటుంది. ఏమీ చెప్పకండి, చూడనివ్వండి.

గుడికి వస్తే, మా లాన్‌హమ్‌లో శివవిష్ణు ఆలయం ఉంది. శ్రీరామనవమికి కల్యాణం చూడాలి. మీకు దూరమే, కారు ఉన్నవాళ్లతో రావాలి. చాంటిలీలో రాజధాని మందిరం మీకు చాలా దగ్గర.

ఇంకొకటి, కాస్త పెద్ద ప్రయాణం. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన చేస్తున్నారు. అసలు తిథి పుష్య బహుళ పంచమి. ఆ రోజుల్లో అక్కడ మంచు, అందుకని ఈస్టర్ సమయానికి పెట్టుకున్నారు. ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 5న. ఇక్కడి నుంచి కారులో ఆరు గంటలు. పంచరత్న కీర్తనలను వందలమంది కలిసి పాడుతుంటే మధ్యలో కూర్చోవడం మీ అత్తగారు జన్మలో మరచిపోరు.

చాంటిలీ నుంచి

పెద్దాయన చెప్పినవి నేనూ రాసి పెట్టుకున్నాను. నేను బడి సంగతులు చెబుతాను, వీటికి గడువులు ఉంటాయి.

బాబుకు సెప్టెంబరు 30లోపు అయిదేళ్లు నిండుతాయా? నిండితే ఈ శరదృతువులోనే కిండర్‌గార్టెన్‌లో చేర్చాలి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడులు వసంతంలోనే పేర్లు నమోదు చేసుకుని, కొత్త తల్లిదండ్రులను పిలిచి బడి చూపిస్తాయి. జనన ధ్రువపత్రం, ఇంటి లీజు, వర్జీనియా బడి ఆరోగ్య పత్రం మీద డాక్టరు సంతకం, టీకాల వివరాలు కావాలి. భారతదేశంలో వేయించిన టీకాల కార్డును ఇక్కడి డాక్టరు ఒకసారి సరిచూడాలి. ఆ అపాయింట్‌మెంటుకే వారాలు పడుతుంది, ఈరోజే ఫోను చేయండి.

పాపకు నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు చూడండి. 1989లో చిట్టూరి రత్నం గారు మొదలుపెట్టిన సంస్థ. స్పెల్లింగు, పదసంపద, లెక్కలు, సైన్సు, భూగోళం, ఇలా చాలా ఉన్నాయి. ఊళ్లవారీ పోటీలు వసంతంలోనే జరుగుతాయి. వచ్చే డబ్బు భారతదేశంలో పేద విద్యార్థుల ఉపకార వేతనాలకు వెళుతుంది. అయితే ఈ ఏడు బహుమతి కోసం వద్దు. వచ్చి నెల కాలేదు, భాష యాసే కొత్త. ఒక్క లెక్కల పోటీకి పంపండి. లెక్కకు యాస లేదు.

పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు సెప్టెంబరులో మొదలై వేసవి మొదట్లో ముగుస్తాయి, కాబట్టి ఇప్పుడు చేర్చుకోవడం కష్టం. కానీ మీ పాపకు తెలుగు చదవడం వచ్చు కదా. దగ్గరి కేంద్రంలో గురువులను అడిగి, చిన్నపిల్లల తరగతిలో సాయంగా కూర్చోబెట్టండి. మా అబ్బాయి ప్రవేశం తరగతిలో ఉన్నప్పుడు గుంటూరు నుంచి అప్పుడే వచ్చిన ఒక అమ్మాయి ఇలాగే వచ్చేది. అక్షరాలు దిద్దిస్తూ, కథలు చెబుతూ ఉండేది. బడిలో పెదవి విప్పని పిల్ల ఆ గదిలో అందరికీ అక్క అయిపోయింది.

మార్చి 8న గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఆ ఆదివారం ప్రతి తరగతికీ ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు.

హెర్న్‌డన్ నుంచి

చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. బాబు పుట్టినరోజు ఆగస్టులో, డాక్టరుకు ఫోను చేశాను. తిథి లెక్క సంగతి అత్తయ్యగారికి ఫోనులో చదివి వినిపిస్తే, తన పంచాంగం కూడా తెస్తానన్నారు. పాప ఉగాదికి ఆడతానని మాత్రం అనడం లేదు. బలవంతం చేయాలా?

ఆష్‌బర్న్ నుంచి

వద్దు. నేను ఆలస్యం చేయవద్దని రాసింది, తను అడిగితే దారి మూసుకుపోకూడదని. ఆడనంటే వదిలేయండి. ఈ రోజుల్లో నృత్య పాఠశాలలన్నీ వార్షికోత్సవాల సాధనలో ఉంటాయి. ఏ గురువునైనా అడిగి ఒక్క తరగతి గోడవార కూర్చుని చూడనివ్వండి. గజ్జెలు తీసుకెళ్లకండి. తర్వాత వారం తనే అడిగితే అప్పుడు చూద్దాం. మా చిన్నమ్మాయి గురువుగారు మీకు పది నిమిషాల దూరంలోనే ఉంటారు, నేను మాట్లాడి పెడతాను.

ఉగాది పనికి మీ పేరు రాయించాను, అత్తయ్యగారి పేరు కూడా. పచ్చడి కలిపే బల్ల దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, ఉప్పు పాళ్లు మాకెవరికీ సరిగా కుదరడం లేదు. పాప గ్లాసులు అందిస్తుంది. ఉదయం ఏడున్నరకు మీ అపార్ట్‌మెంట్ ముందుకు మా కారు వస్తుంది. వెనక సీటులో నా చిన్నది ఉంటుంది, దానికీ తొమ్మిదేళ్లే. బాబుకు కారు సీటు నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది, మీరు కొనవద్దు.