అవతలి లాయర్ మర్యాద దాటితే ముందు ఎక్కడ చెప్పుకోవాలి?

మా పెదనాన్నగారి పిల్లలతో ఆస్తి పంపకాల దావా నడుస్తోంది. నేను వాదిని. గత మూడు వాయిదాల్లోనూ అవతలి లాయర్ కోర్టు వరండాలో అందరి ముందూ నన్ను ఆపి "ఏమయ్యా, నువ్వు..." అంటూ ఏకవచనంలో మాట్లాడారు. రాజీకి రమ్మని నేరుగా నాకే రెండుసార్లు ఫోన్ చేశారు. అన్నిటికంటే బాధ, జవాబుదావా ఆరో పేరాలో కేసుతో ఏ సంబంధమూ లేని మా అమ్మ నడవడిక గురించి రాసిన రెండు వాక్యాలు. అవి చదివాక అమ్మ కోర్టు మాటెత్తితేనే లేచి వెళ్లిపోతోంది.

మా లాయర్‌గారికి చెబితే "ఇవన్నీ మామూలే, పట్టించుకోకండి" అన్నారు. అవతలి లాయర్‌కు 3 వారాల క్రితం రిజిస్టర్డ్ పోస్టులో మర్యాదగానే ఉత్తరం రాశాను. అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చింది, జవాబు లేదు.

గట్టిగా వాదించడం ఆయన పని, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అవతలి పక్షానికి లాయర్ ఉంటే ఆ లాయర్ ద్వారానే మాట్లాడాలని లాయర్ల నడవడికకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 34వ నియమం చెబుతోంది. ప్లీడింగుల్లో, అంటే కోర్టులో వేసే దావా, జవాబుదావా కాగితాల్లో, నీచమైన నిందలు వద్దని 4వ నియమంలో ఉంది.

ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు చెప్పండి: ఆ వాక్యాలు కొట్టేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 16 కింద అదే కోర్టులో పిటిషన్ వేయడం, 1961 అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 35 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడం, ఈ రెండింటిలో ముందు ఏది చేయాలి?