ఆకర్షిస్తే విద్యుదావేశం ఉన్నట్టేనా?

ప్రశ్న (ఎనిమిదో తరగతి పాప తల్లి):
తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన దగ్గరపెడితే కాగితం ముక్కలు ఎగిరొచ్చి అంటుకున్నాయి. "దువ్వెనది రుణావేశమైతే కాగితానిది ధనావేశమే కదమ్మా" అంటోంది మా పాప. కాగితాన్ని మేం దేనితోనూ రుద్దలేదే! ఇంకోటి, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్కలు అలా అంటుకుని ఇలా ఎగిరిపోయాయి. కాగితాలేమో చాలాసేపు అతుక్కునే ఉన్నాయి. ఎందుకు?

జవాబు (రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారు):
అమ్మా, పాప మంచి ప్రశ్నే పట్టుకుంది. కాగితంలో ధన, రుణావేశాలు రెండూ ఉన్నాయి, సరిసమానంగా ఉన్నాయి కాబట్టే అది తటస్థం. దువ్వెన దగ్గరకి రాగానే కాగితంలోని అణువుల్లో ఎలక్ట్రాన్లు కాస్త అవతలికి జరుగుతాయి. దువ్వెన వైపు ధనావేశం, అటువైపు రుణావేశం తేలతాయి. దగ్గరున్న ఆవేశం మీద లాగే బలం, దూరంగా ఉన్నదాని మీద నెట్టే బలం కంటే ఎక్కువ. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకి పడిపోతుందని 1785లో ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ తేల్చాడు కదా. ఆ తేడాయే కాగితాన్ని లేపుతోంది. పట్టుగుడ్డతో రుద్దిన గాజు కడ్డీకి ధనావేశం వస్తుంది, అది పెట్టినా కాగితం దగ్గరకే వస్తుంది.

ఫాయిల్ లోహం. తాకగానే దువ్వెన మీది రుణావేశం కొంత దానికి పాకుతుంది. ఇక రెండూ ఒకే జాతి, వికర్షణ (ఒకదాన్నొకటి నెట్టుకోవడం) తప్పదు. కాగితం అంత తేలిగ్గా ఆవేశాన్ని పాకనివ్వదు.

అందుకే ఆకర్షణ చూసి ఏదీ తేల్చలేం. ఆవేశం ఉందనడానికి వికర్షణే గట్టి రుజువు. పిల్లలు దీన్ని ఒక్క మార్కు బిట్‌గా బట్టీపట్టడం నాకు బాధగా ఉంటుంది, చేతులతో చేసి చూడాల్సిన విషయం ఇది. రెండు ఖాళీ రీఫిల్స్‌ని పాలిథీన్ కవరుతో రుద్ది, ఒకదాన్ని దారానికి వేలాడదీయండి. రెండోది దగ్గరపెడితే అది తప్పుకుంటుంది. వేలు చూపిస్తే వేలి వైపు తిరుగుతుంది. మన వేలు తటస్థమే మరి!

మరో సభ్యుడు (కాకినాడ):
మాస్టారూ, వర్షాకాలంలో మా దగ్గర ఏ ముక్కా కదలదండీ. దువ్వెనలో లోపమా?

మాస్టారు:
లోపం గాలిలో తేమది బాబూ. ప్లాస్టిక్ మీద కంటికి కనపడని నీటి పొర పడుతుంది, ఆవేశం దాని మీదుగా జారిపోతుంది. ఏసీ గదిలో కాసేపు ఆరనిచ్చి, నూనె రాయని జుట్టు మీద దువ్వి చూడండి.