షంషీరూ కాదు, కిలిజూ కాదు. మరి ఈ కత్తి పేరేంటి?

బాటసారి: సాయంత్రం నుంచి వెతుకుతూనే ఉన్నాను, తేలట్లేదు. ఇస్తాంబుల్‌లో ఒక పాత సామాన్ల కొట్లో చూశాను. కొట్టతను "పర్షియన్" అన్నాడంతే. ఇరాన్ వంపు కత్తి షంషీర్ ఫొటోలు ఎన్ని చూసినా ఒక్కటీ కలవలేదు, టర్కీ వంపు కత్తులు కిలిజ్‌లూ అంతే. చాలా పాతది, బరువైనది. దయచేసి ఎవరైనా చెప్పండి.

కొలబద్ద: పొడవెంత? పదును ఒకవైపేనా? వంపు ఉందా?

ఉక్కుముచ్చట్లు: ముందు అలుగు (పిడి కాకుండా మిగిలిన కత్తి రేకు) మీద నీటి అలల్లాంటి చారలున్నాయేమో చూడండి. ఉంటే అది మూసలో కాచిన ఉక్కు. ఇరాన్ కత్తులకు వెళ్లిన ఉక్కులో కొంత మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో తయారైందే. పర్షియా వర్తకులు దాని కోసం అక్కడిదాకా వచ్చేవారని 1820ల్లో చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ రాశాడు. ఇంకో సంగతి, పేరుమోసిన ఇరాన్ కత్తుల తయారీదారు అసదుల్లా ఇస్ఫహానీ పేరు చెక్కి ఉంటే వెంటనే నమ్మేయకండి. ఆ పేరు తర్వాతి కాలం కత్తుల మీద కూడా లెక్కలేనన్ని చోట్ల కనబడుతుంది.

బాటసారి: ఉక్కు గురించి కాదండీ, రకం పేరు కావాలి. అలుగు 66 సెం.మీ., వెడల్పు 5 సెం.మీ. ఒకవైపే పదును. వెన్ను బాగా మందం. వంపు కొంచెమే.

పాతఒర: ఇది మొదటే చెప్పాల్సింది! షంషీర్ సన్నగా, బాగా వంగి, మొన దాకా సన్నబడుతూ పోతుంది. కిలిజ్ అయితే చివరి మూడోవంతులో అలుగు వెడల్పయి, అక్కడ వెన్ను వైపు కూడా పదును ఉంటుంది. దాన్ని యెల్మాన్ అంటారు. మీ కత్తికి అది ఉందా?

బాటసారి: లేదండి.

పాతఒర: అయితే గద్దారే.

కొలబద్ద: కాదు. గద్దారా అంటే కాకసస్‌లో నిటారుగా ఉండే రెండంచుల కత్తి. ఇది పాలా, అంటే కిలిజ్ లోనే ఒక రకం.

పాతఒర: పాలాకి వంపూ ఎక్కువే, యెల్మానూ పెద్దదే, వెన్ను టీ అక్షరంలా ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు కదా. మీరు చెప్పే కాకసస్ కత్తికి ఆ పేరుంది, నిజమే. కానీ ఒట్టోమన్లు (టర్కీని ఏలిన పాత సామ్రాజ్యం వాళ్లు) గద్దారే అన్నది వేరే కత్తిని: పొట్టిగా, వెడల్పుగా, మందపాటి వెన్నుతో, ఒకవైపు పదునుతో ఉండేది. పేరు ఒకటైనంత మాత్రాన రెండింటినీ కలిపేస్తే ఎలా?

కొలబద్ద: ఫొటో లేకుండా నేను ఒప్పుకోను.

ఉక్కుముచ్చట్లు: కొనే ఆలోచన ఉంటే జాగ్రత్త సార్. టర్కీలో 1983 నాటి 2863 నంబరు చట్టం ప్రకారం పురావస్తువులను దేశం దాటించకూడదు.

బాటసారి: కొనట్లేదండి, తెలుసుకుందామనే. గద్దారే అని వెతికితే దాదాపు ఇలాంటిదే దొరికింది. పిడి మాత్రం కలవట్లేదు. థాంక్స్ అందరికీ.

కొలబద్ద: పిడి తర్వాత మార్చి ఉండొచ్చు. ఎలా ఉందది?