తమ్ముడితో కలిసి కొన్న ఫ్లాటులో నా సగం వాటాను భార్య పేరున రాయాలంటే ఏ దస్తావేజు సరైనది?

ప్రశ్న – నిజాంపేట వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాదు నిజాంపేటలో 2014లో నేను, మా తమ్ముడు కలిసి ఒక ఫ్లాటు కొన్నాము. చెరి సగం అని సేల్ డీడ్‌లోనే రాసి ఉన్నది. తమ్ముడు ప్రస్తుతం అమెరికాలో ఉంటున్నాడు. ఫ్లాటును అద్దెకు ఇచ్చాము. ఇద్దరి పేరున తీసుకున్న గృహరుణం ఇంకా కొంత మిగిలి ఉన్నందున అసలు కాగితాలు బ్యాంకు వద్దనే ఉన్నాయి. ఇప్పుడు నా సగం వాటాను నా భార్య పేరున మార్చాలని అనుకుంటున్నాను. తెలిసిన డాక్యుమెంట్ రైటర్ ఒకరు రిలీజ్ డీడ్ రాస్తే ఖర్చు కలిసి వస్తుందని అంటున్నారు. మా బావగారు మాత్రం గిఫ్ట్ డీడ్ తప్ప మరో దారి లేదంటున్నారు. ఎవరి మాట సరైనది? తమ్ముడి సంతకం కావాలా? అద్దె మీద పన్ను ఇకపై నా భార్య లెక్కలో చూపవచ్చా?

జవాబు – విశ్రాంత దస్తావేజు లేఖరి

మీ బావగారి మాటే సరైనది. రిలీజ్ డీడ్, అంటే హక్కు విడుదల దస్తావేజు, ఆ ఆస్తిలో అప్పటికే హక్కు ఉన్నవారి మధ్య మాత్రమే పనికివస్తుంది. ఒక హక్కుదారు తప్పుకుంటే అతని వాటా మిగిలిన హక్కుదారుకు చేరుతుంది. మీ ఫ్లాటులో మిగిలిన హక్కుదారు మీ తమ్ముడే గాని మీ భార్య కాదు. అందువల్ల మీరు రిలీజ్ డీడ్ రాస్తే వాటా తమ్ముడికి వెళుతుంది, లేదా ఆ దస్తావేజుతో ఆమెకు హక్కు రానేలేదని రేపు కొనుగోలుదారు తరఫు వకీలు అభ్యంతరం లేవదీస్తాడు. ఈ ఫ్లాటు మొదటినుంచి మీ దంపతులిద్దరి పేరున ఉండి ఉంటే మీ డాక్యుమెంట్ రైటర్ సలహా సరిపోయేది. బహుశా ఆయన ఆ లెక్కలోనే చెప్పి ఉంటారు.

మీరు చేయవలసినది ప్రేమాభిమానాలతో, ప్రతిఫలం లేకుండా రాసి ఇచ్చే గిఫ్ట్ సెటిల్‌మెంట్ దస్తావేజు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం దీనిపై మీ సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ జీవితకాలంలోనే మీ భార్య దానిని స్వీకరించాలి కాబట్టి ఆమె చేత కూడా సంతకం చేయించి, స్వీకరించినట్లు దస్తావేజులోనే ఒక వాక్యం రాయించండి. షెడ్యూలులో, అంటే దస్తావేజు చివర ఆస్తిని వర్ణించే భాగంలో, మొత్తం ఫ్లాటు వివరాలు ఇచ్చి, అందులో అవిభక్త (విడదీయని) సగం వాటా అనీ, దానికి చెందే స్థలంలోని వాటాతో సహా అనీ విడమరచి రాయించాలి. చాలా దస్తావేజులు ఇక్కడే దెబ్బతింటాయి.

జవాబు – సివిల్ న్యాయవాది

తమ్ముడి సంతకం చట్టరీత్యా అవసరం లేదు. ఉమ్మడి యజమాని తన వాటాను తాను బదిలీ చేసుకోవచ్చునని అదే చట్టంలోని 44వ సెక్షన్ చెబుతున్నది. అయితే ఇది మీ సొంత డబ్బుతో కొన్న ఆస్తి కాబట్టే ఇంత సులువు. పిత్రార్జితమై ఇంకా పంపకం జరగని ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే, అందులోని అవిభక్త హక్కును మిగిలిన సమభాగస్వాముల అంగీకారం లేకుండా గిఫ్టుగా ఇస్తే చెల్లదని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు 1987లో స్పష్టం చేసింది.

మరొక విషయం ఆలోచించుకోండి. రిజిస్టరై, ఆమె స్వీకరించిన గిఫ్టును తరువాత మనసు మారిందని ఏకపక్షంగా రద్దు చేయలేరు. ఆ వాటా ఆమెకు సంపూర్ణ హక్కుతో చెందుతుంది. మీ తదనంతరం ఆమెకు చేరాలన్నదే మీ ఉద్దేశమైతే వీలునామా చాలు. దానికి స్టాంపు డ్యూటీ ఉండదు, బతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గిఫ్టే ఇవ్వాలి గాని మీరున్నంత కాలం అద్దె మీకే రావాలనుకుంటే, అనుభవ హక్కును మీ వద్దనే ఉంచుకుని ఇవ్వవచ్చు. అటువంటి గిఫ్టు చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఉన్నది.

ప్రశ్న వేసినవారు – నిజాంపేట వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. వీలునామా ఒక్కటే చాలదనిపిస్తున్నది, ఆమె పేరున ఇప్పుడే ఏదో ఒక ఆస్తి ఉండాలన్నది నా కోరిక. పన్ను సంగతి, బ్యాంకు సంగతి ఎవరైనా చెప్పగలరా?

జవాబు – ఆడిటర్

పన్ను తగ్గించుకోవడమే మీ ఉద్దేశంలో కొంతైనా ఉంటే ఆ ఆశ వదులుకోవలసిందే. భార్యకు ఇచ్చిన గిఫ్టు మీద ఆమెకు ఆదాయపు పన్ను పడదు, మీకూ మూలధన లాభాల పన్ను రాదు. కానీ తగిన ప్రతిఫలం లేకుండా భార్యకు బదిలీ చేసిన ఇంటికి పన్ను లెక్కలో మీరే యజమానిగా కొనసాగుతారు. ఆ వాటా అద్దె ఆమె ఖాతాలో జమ అయినా మీ ఆదాయంలోనే కలుస్తుంది, రేపు ఆమె ఆ వాటాను అమ్మితే వచ్చే లాభం కూడా మీ ఆదాయమే. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారినా ఈ సూత్రం మారలేదు. ఆ అద్దెను ఆమె పొదుపు చేసి, దాని మీద వడ్డీ సంపాదిస్తే ఆ వడ్డీ మాత్రం ఆమె ఆదాయమే.

మీ భార్యకు సొంత సంపాదన ఉండి, మార్కెట్ విలువ చెల్లించి వాటాను కొంటే ఇలా కలపడం ఉండదు. అయితే అది విక్రయం అవుతుంది. మీకు లాభాల పన్ను వస్తుంది, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం అవుతుంది. కుటుంబ సభ్యులకు ఇచ్చే గిఫ్టుకు రేటు ఇంతకంటే తక్కువ. గిఫ్టుకు లెక్క ప్రభుత్వ మార్కెట్ విలువ మీదనే, అది కూడా మీ సగం వాటాకు మాత్రమే.

జవాబు – విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

ముందుగా బ్యాంకుకు వెళ్లండి, ఆ తరువాతే స్టాంపుల ఖర్చు పెట్టండి. ఇల్లు తాకట్టులో ఉండగా బ్యాంకు అనుమతి లేకుండా యాజమాన్యం మార్చడం సాధారణంగా రుణ ఒప్పందానికి విరుద్ధం. బ్యాంకు ఒప్పుకున్నా మీ భార్యను సహరుణగ్రహీతగా గానీ హామీదారుగా గానీ చేర్చమని అడగవచ్చు. రిజిస్ట్రేషనుకు తమ్ముడి సంతకం అక్కర లేకపోయినా, రుణం ఇద్దరి పేరున ఉన్నది కాబట్టి బ్యాంకు కాగితాల మీద అతని సంతకం అడిగే అవకాశం ఎక్కువ. అతను అమెరికా నుంచి ఇక్కడ ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ పంపేటట్లయితే, అది భారతదేశానికి చేరిన 3 నెలల లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. మిగిలిన అప్పు తక్కువే అయితే ముందు దానిని తీర్చి, అసలు కాగితాలు చేతికి వచ్చి, ఈసీలో (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్టులు చూపే ధ్రువపత్రంలో) తాకట్టు రద్దయినట్లు చూసుకున్న తరువాత గిఫ్టు చేయడమే నా దృష్టిలో మంచి పద్ధతి. రిజిస్ట్రేషను పూర్తయ్యాక ఆస్తి పన్ను రికార్డులో, అపార్టుమెంటు సంఘం పుస్తకంలో, అద్దె ఒప్పందంలో మీ భార్య పేరు చేరేటట్లు చూసుకోండి.